ఇరవై మూడు గీతల నక్షత్రం

మార్చి 3, సోమవారం

కార్డుల పెట్టె తాళం డేగ ఈ రోజు కూడా తన జేబులోనే వేసుకుని పోయింది.

నాలుగేళ్ళుగా ఈ మ్యూజియంలో పాత గాజు సామాను కడుగుతున్నాను. గిన్నెలు, పళ్ళేలు, కూజాలు, అన్నీ ఇనప అచ్చులో పోసి నొక్కి తీసినవి. ఏడు వేల పైచిలుకు నా చేతుల మీదుగా వెళ్ళాయి. చదువు పదో తరగతితో సరి, మిగతాదంతా సింకు దగ్గర నేర్చుకున్నాను. అచ్చు రెండు ముక్కలదా మూడు ముక్కలదా అన్నది పక్కన సన్నగా లేచిన అతుకు తడిమి చెప్పగలను. ఏ ఫ్యాక్టరీదో అడుగు చూసి చెప్పగలను. చెప్పే హక్కు మాత్రం లేదు. నేను కడగాలి, తుడవాలి, కడుగుడు పుస్తకంలో ఒక ముక్క రాయాలి, ట్రేలో పెట్టి ఆవిడ బల్ల మీదికి జరపాలి. ఆవిడ భూతద్దం పెట్టి కోడిపిల్లను చూసినట్టు చూసి, కార్డు మీద ఫ్యాక్టరీ పేరు, నమూనా పేరు రాస్తుంది. అందుకే డేగ. ఎదురుగా మాత్రం మేడమ్.

ఈ రోజు ఒక టీచరమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పాత దుప్పటిలో చుట్టిన గిన్నె తెచ్చింది. దుప్పటి విప్పగానే నేను చేతులు తుడుచుకోవడం మరిచిపోయాను. విసనకర్ర చుక్క నమూనా. చుట్టూ పన్నెండు విసనకర్రలు, ఒక్కో జంట మధ్య శనగగింజంత చుక్క. వెలుతురుకు తిప్పితే ప్రతి చుక్కలోనూ మా కిటికీ తలకిందులుగా. ఈ నమూనాలో కప్పులు చూశాను, పళ్ళేలు చూశాను. ఇంత పెద్ద గిన్నె చూడలేదు.

వాళ్ళ నాన్న వంతెన ఫ్యాక్టరీలో అచ్చుల మేస్త్రీ అట. చిన్న ఫ్యాక్టరీ, ఉన్నదొక్కడే మేస్త్రీ. పోయి పద్నాలుగేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ "ఈ గిన్నె అచ్చు నాది" అనేవాడట. ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. ఈవిడ అక్క మొగుడు, ఆ బావగారైతే నలుగురూ కూర్చున్న ప్రతిసారీ, మామగారూ, చంద్రుడి అచ్చు కూడా మీదేనా అని అడిగేవాడట. ముసలాయన విసిగిపోయి గిన్నెను బీరువా మీద పెట్టేశాడు, ఇక ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఈ నెల ఇరవై రెండున మా మ్యూజియంలో ఊరి గాజు ప్రదర్శన. అందులో ఈ గిన్నె పెట్టి, కింద లేబుల్ మీద నాన్న పేరు వేస్తారా అని అడగడానికి వచ్చింది. అమ్మడానికి కాదు.

డేగ పెట్టె తెరిచి కార్డు తీసి చదివింది. విసనకర్ర చుక్క, కొండ ఫ్యాక్టరీ. ఇరవై ఆరేళ్ళ కిందట తనే రాసుకున్న మాట.

"మీ నాన్నగారు పనిచేసింది వంతెన ఫ్యాక్టరీ కదమ్మా. ఇది వాళ్ళది కాదు."

టీచరమ్మ వాదించలేదు. దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది, ఈ జవాబు ముందే తెలిసిన మనిషిలా. నాకు ఒళ్ళు మండింది. కార్డులో ఉందట. కార్డు ఒక్క గిన్నెనైనా కడిగిందా? కడగడానికైనా ఉంచి వెళ్ళండి అని నేనే అన్నాను. డేగ నా వంక ఓసారి చూసి కార్డును మళ్ళీ పెట్టెలో పెట్టింది.

మార్చి 4, మంగళవారం

మూడు గంటలు పట్టింది. విసనకర్రల సందుల్లో తెల్లటి గార, రాయిలా బిగుసుకుపోయింది. వెనిగర్ పోసి గంటసేపు నానబెట్టాను. నురగా లేదు, పాడూ లేదు. ఆఖరికి వెదురు పుల్ల చెక్కుకుని ఒక్కో సందూ గీకాను. కడుగుడు పుస్తకంలో కసిదీరా రాశాను: "తెల్ల గార. మొండిది. వెనిగర్‌కి లొంగని దరిద్రం. పుల్లతో తీశాను. నా వేలు కూడా తెగింది." డేగ చదివితే చదవనీ.

ఇప్పుడు చూడాలి దాన్ని. తెల్ల నలుసు ఒక్కటి లేదు. ఇంత శుభ్రంగా కడిగేవాళ్ళు ఈ మ్యూజియంలో ఇంకెవరున్నారో చూపించమనండి.

మార్చి 5, బుధవారం

రెండు రోజులుగా ఆ గిన్నె అందం తప్ప ఇంకో మాట లేదు నా నోట అని వదిన అంటుంది. సంబంధం ఖాయం చేసేద్దామా, అబ్బాయి కాస్త బరువున్నా నిలకడ మనిషిలా ఉన్నాడు అంటుంది.

మార్చి 6, గురువారం

వెనక షెడ్డులో తొమ్మిది పెట్టెలున్నాయి. వంతెన ఫ్యాక్టరీ కూల్చినప్పుడు దాని చెత్తగుంటలోంచి తవ్వి తెచ్చిన పెంకులు. అచ్చులోంచి సరిగా రానివి, చల్లారుతూ చిట్లినవి, అన్నీ అక్కడ పారేసేవాళ్ళు. నా లెక్క సులభం. ఎవరి చెత్తలో ఉంటే వాళ్ళు చేసినట్టు. పక్కింటి నమూనాను తమ గుంటలో ఎవరూ పారేయరు.

మూడు పెట్టెలయ్యాయి. ఏమీ లేదు. చేతి తొడుగులు రెండు జతలు చిరిగాయి.

మార్చి 7, శుక్రవారం

ఏడో పెట్టె.

విసనకర్ర ముక్కలు పదకొండు, చుక్కలతో సహా. ఒకటి పూర్తి అడుగు, దాని మీది గీతల నక్షత్రం చెక్కుచెదరకుండా. మట్టి కూడా కడక్కుండా ట్రేలో పోసి తీసుకెళ్ళి డేగ బల్ల మీద పెట్టాను. వంతెన ఫ్యాక్టరీ గుంటలోవి అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయ్యుంటుంది, పక్క గదిలోంచి తలుపు తీసి చూశారు.

ఆవిడ ఒక్కో ముక్కనూ చూసింది. పెట్టె మీద నంబరు అడిగింది. లేచి వెళ్ళి తనే చూసొచ్చింది. తర్వాత కార్డు తీసి, స్కేలు పెట్టి, "కొండ ఫ్యాక్టరీ" అన్న మాట మీద సన్నటి గీత ఒక్కటి గీసింది. కొట్టివేత కాదు, కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. పక్కన తేదీ వేసింది. దాని కింద "వంతెన ఫ్యాక్టరీ" అని రాసి, పక్కన వేయడానికి నా పూర్తి పేరు అడిగింది. ఇంటిపేరుతో సహా.

"ఇరవై ఆరేళ్ళు తప్పు చెప్పానన్నమాట" అంది. అంతే. ముఖం మాడలేదు. కుర్చీ తన పక్కకు లాగి, రేపటి నుంచి కార్డులు ఇక్కడే కూర్చుని చూడమంది.

నేను ఈ నిమిషం గురించి నాలుగేళ్ళు కల కన్నాను. కలలో ఆవిడ తిట్టేది, నేను తిప్పికొట్టేదాన్ని. ఆ సన్నటి గీత నా కలలో లేదు. పాడు మనిషి. తప్పు ఒప్పుకోవడం కూడా నాకన్నా బాగా చేస్తుంది.

మార్చి 8, శనివారం

టీచరమ్మకు ఫోన్ చేసింది నేనే. మీ నాన్నగారు చెప్పింది నిజమే అన్నాను. ఆవిడ మెల్లగా, బావగారిని కూడా ప్రదర్శనకు పిలవచ్చా అని అడిగింది. తప్పకుండా పిలవండి, ముందు వరసలో నిలబెట్టండి అన్నాను.

మార్చి 10, సోమవారం

లేబుల్ పక్కన బొమ్మ ఉంటే బాగుంటుందని, గిన్నె అడుగున పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. నక్షత్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది. గుంటలో దొరికిన అడుగుకూ రుద్దాను. రెండూ పక్కపక్కన పెడితే ముచ్చటగా ఉంటుందనుకున్నాను.

గిన్నె నక్షత్రానికి ఇరవై నాలుగు గీతలు.

పగిలిన అడుగుకు ఇరవై మూడు.

మార్చి 11, మంగళవారం

ఈ రోజు ఏమీ జరగలేదు.

మార్చి 12, బుధవారం

ఒక ఫ్యాక్టరీలో ఒకే నమూనాకు రెండు అచ్చులుండొచ్చు. పెద్ద ఫ్యాక్టరీల్లో నాలుగేసి ఉండేవి. చిన్న ఫ్యాక్టరీలో మాత్రం ఎందుకుండకూడదు? ఉండొచ్చు. ఒకటి ఇరవై నాలుగు, ఒకటి ఇరవై మూడు. అంతే. ఇందులో రాయాల్సింది ఏముంది.

అడుగు వెడల్పు కూడా కొలిచాను. గిన్నెది తొంభై ఆరు మిల్లీమీటర్లు, ముక్కది తొంభై నాలుగు. అరుగుదల అయ్యుంటుంది. అరుగుదలే.

మార్చి 13, గురువారం

గాజు ముక్క గుంటలో పడి అరిగితే అంచు అరుగుతుంది, చుట్టూ సమానంగా రెండు మిల్లీమీటర్లు అరగదు. నాకు తెలుసు. నిన్ననే తెలుసు.

మధ్యాహ్నం డేగ రెండు గాజు వెన్న డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టింది. చూడటానికి కవలలే. ఒకదాని మూత రెండో దానికి పట్టదు. ఎందుకో చెప్పమంది. చెప్పలేకపోయాను. అప్పుడు ఆవిడ చెప్పింది, ఏదో కథ చెప్తున్నంత ఇష్టంగా. ఒక ఫ్యాక్టరీ సరుకు బాగా అమ్ముడైతే, ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళు బజారులో ఒకటి కొనుక్కొచ్చి దాని మీద ప్లాస్టర్ పోసేవాళ్ళు. ఆ ప్లాస్టర్‌ను బట్టి ఇనప అచ్చు పోత పోసేవాళ్ళు. ఇనుము చల్లారుతూ ముడుచుకుంటుంది. అందుకని దొంగ అచ్చులో పుట్టిన గిన్నె అసలు గిన్నె కన్నా ఎప్పుడూ రవ్వంత చిన్నదే. గీతలు కూడా మొద్దుబారి వస్తాయి, మేస్త్రీ ఉలి పట్టుకుని మళ్ళీ చెక్కాల్సిందే.

అసలు గిన్నె దొరికితే ఎలా గుర్తుపడతారని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలుసు.

"ఒక్కోసారి సందుల్లో ప్లాస్టర్ మిగిలిపోతుంది. తెల్లగా, గారలాగే ఉంటుంది. గార అయితే వెనిగర్‌కి నురగ కక్కుతుంది. ప్లాస్టర్ కిమ్మనదు."

తెగిన వేలు ఇంకా మానలేదు.

మార్చి 14, శుక్రవారం

తేలు కుట్టిన దొంగలా ఏంటా కూర్చోవడం అంది వదిన. తల నొప్పి అన్నాను. నీకు తల నొప్పి రాదు, తెప్పిస్తావు అంది.

పొద్దున ఎవరూ రాకముందే వెళ్ళి గిన్నెను భూతద్దం కింద పెట్టాను. సందు సందూ వెతికాను. ఒక్క నలుసు దొరికినా చాలు. లేదు. పనిమంతురాలిని కదా.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఇది నిజం. ఆ నక్షత్రాన్ని ఇంకెవరు లెక్కపెడతారు? టీచరమ్మ సంతోషంగా ఉంది. ముసలాయన పేరు నిలబడుతుంది. నాకు కుర్చీ ఉంటుంది. ఎవరికి నష్టం?

ఇరవై ఆరేళ్ళ మాట మీద ఆవిడ స్కేలు పెట్టి గీత గీసింది. నిజానికి గీయాల్సిన పనే లేదు. ఈ గిన్నె విషయంలో ఆవిడ చెప్పిందే రైటు.

మార్చి 15, శనివారం

చెప్పేశాను. వెళ్ళడం వెళ్ళడమే, సంచి కూడా దించకుండా, నేను రాయించింది తప్పు అన్నాను.

ఏ ముక్క తప్పు అని అడిగింది ఆవిడ.

తిడుతుందనుకున్నాను, నవ్వుతుందనుకున్నాను. ఏ ముక్క అని అడిగితే ఆలోచించాలి కదా. ఆలోచించి చెప్పాను. వంతెన ఫ్యాక్టరీ ఈ నమూనా చేసింది, అది తప్పు కాదు, గుంట సాక్ష్యం. ఈ గిన్నె వాళ్ళు చేశారన్నది తప్పు. ఇది కొండ ఫ్యాక్టరీది. బహుశా దీని మీదే ప్లాస్టర్ పోసి మేస్త్రీ అచ్చు తీసుంటాడు. బహుశా అని ఎందుకంటే, రుజువును మూడు గంటలు కూర్చుని పుల్లతో గీకి సింకులో పోసింది నేను.

ఆవిడ గిన్నెను చాలాసేపు చూసింది. చాలా బాగా కడిగావు అంది. వెటకారం కాదు, నిజంగానే అంది, అది ఇంకా నరకం. తర్వాత కడుగుడు పుస్తకం తెమ్మంది. నాలుగో తేదీ పేజీ తీసి పైకి చదివింది. మొండిది, లొంగని దరిద్రం, అన్నీ. నేల చీలితే దూరిపోదామనిపించింది.

"వెనిగర్‌కి లొంగలేదని ఆ రోజే రాశావు, ఏమీ తెలియకముందు. తిట్టినా సరే, చూసింది చూసినట్టు రాశావు. దీన్ని మక్కీకి మక్కీ కార్డు మీదికి ఎక్కించు."

"దరిద్రం కూడానా?"

"అది కూడా."

తర్వాత స్కేలు నా చేతికిచ్చింది. నా పేరున్న మాట మీద గీత నేనే గీయాలి. గీశాను. వంకరగా వచ్చింది, స్కేలు పెట్టినా. ఆవిడ ఆ వంకర వైపు చూడలేదు. తన గీత పక్కన ఇంకో ముక్క రాసుకుంది: ఇన్నేళ్ళలో ఎప్పుడూ కొలవలేదు, అని. దాని కింద సంతకం.

ఇకపై ఈ డైరీలో ఆవిడను డేగ అని రాయను. రాసినా వేరే అర్థంలో.

మార్చి 16, ఆదివారం

టీచరమ్మకు ఎలా చెప్పాలో తెలియక, పగిలిన అడుగు తాలూకు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఇరవై మూడు ఎందుకు? వృత్తాన్ని ఇరవై నాలుగు చేయడం చంటిపిల్లలు కూడా చేస్తారు. సగం, మళ్ళీ సగం, మళ్ళీ సగం, ఆ ఎనిమిదిని మూడేసి. ఇరవై మూడు ఎలా చేసినా తెగదు. ఎవరూ కావాలని ఇరవై మూడు చేయరు.

గీతకూ గీతకూ మధ్య ఎడం కొలిచాను. పద్దెనిమిది వరకు ఒకే కొలత, వెంట్రుకవాసి తేడా లేదు. చివరి ఐదూ కొంచెం వెడల్పు. కొంచెం కొంచెంగా, ఒకదాన్ని మించి ఒకటి.

అప్పుడు అర్థమైంది. పోతలో నక్షత్రం మొద్దుబారి చెరిగిపోయి ఉంటుంది. ఆయన కంటి అంచనాతోనే మొదలుపెట్టి చెక్కుకుంటూ వచ్చాడు. పద్దెనిమిది అయ్యాక చూసుకుంటే, మిగిలిన చోటు ఐదుకు ఎక్కువ, ఆరుకు తక్కువ. ఇనుము మీద గీత చెరపడం ఉండదు. ఇంకెవడైనా అయితే చివర్లో ఒక పెద్ద సందు వదిలేసేవాడు, లేదా రెండు ఇరికించేవాడు. ఈయన తన తప్పును ఐదు గీతల మీద పంచేశాడు, మెత్తగా, ఏ కంటికీ ఆనకుండా. నాలుగేళ్ళుగా నక్షత్రాలు కడుగుతున్న నా కంటికి కూడా ఆనలేదు.

నేనూ గీసి చూశాను, కాగితం మీద, పెన్సిలుతో, రబ్బరు దగ్గర పెట్టుకుని. పదకొండు కాగితాలు. పదకొండూ కుంటివే. అన్నయ్య వచ్చి చూసి, సైకిల్ చక్రమా, ఏ లారీ కింద పడింది అన్నాడు.

మార్చి 17, సోమవారం

టీచరమ్మ బడి అయిపోగానే వచ్చింది. తనే చెప్తానని మేడమ్ అనలేదు. పక్కన కూర్చుంది, అంతే.

డొంకతిరుగుడు నాకు రాదు. ఈ గిన్నె మీ నాన్నగారి అచ్చులోది కాదు, నేను చెప్పింది తప్పు అన్నాను. ప్లాస్టర్ సంగతి చెప్పాను, దాన్ని కడిగేసిన సంగతీ చెప్పాను. ఆవిడ అంతా విన్నది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, క్లాసులో పిల్లల మాట విన్నట్టు విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"అంటే నాన్న దొంగిలించాడా?"

"దొంగతనం ఫ్యాక్టరీ వాళ్ళు చేయించారు. చెక్కింది మాత్రం మీ నాన్న."

నాకంతకన్నా మంచి మాట దొరకలేదు. పగిలిన అడుగు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. పద్దెనిమిది, ఆ తర్వాత ఐదు, ఆ ఐదింటి కథ చెప్పాను. నా పదకొండు కాగితాలూ పరిచాను. ఆవిడ ఒక్కొక్కటే చూసి, మళ్ళీ గాజు చూసి, నక్షత్రం మీద బొటనవేలు చుట్టూ తిప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎక్కడా ఆగలేదు వేలు.

వెళ్ళేముందు, గిన్నె వెనక పెట్టండి అంది. లేకపోతే అసలు పెట్టకపోయినా సరే. ముందు మాత్రం ఈ ముక్క పెట్టండి, నాన్న పేరు దీని కింద రాయండి అంది. పగిలినది కదమ్మా, చూడటానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో అని మేడమ్ మెల్లగా అనబోయింది.

"ఏమనుకున్నా ఇది ఆయనది."

మార్చి 19, బుధవారం

లేబుల్ కోసం నేనూ మేడమ్ కొట్టుకుచచ్చాం. "అద్భుతమైన" అని రాస్తానని నేను, వద్దని ఆవిడ. గెలిచింది ఆవిడే. చివరికి మిగిలింది ఇది: "విసనకర్ర చుక్క గిన్నె అడుగు. వంతెన ఫ్యాక్టరీ. అచ్చు చెక్కినది", తర్వాత ఆయన పేరు. కింద ఒక వాక్యం నాది: "నక్షత్రం గీతలన్నీ కంటి అంచనాతో." వెనకున్న గిన్నెకు వేరే లేబుల్: "కొండ ఫ్యాక్టరీ. ముందున్న ముక్క అచ్చుకు నమూనా అయి ఉండవచ్చు." అయి ఉండవచ్చు అన్నది రాస్తుంటే నా చేయి నొక్కి పెట్టింది పెన్సిల్‌ను. ముల్లు విరిగింది. మళ్ళీ చెక్కుకుని రాశాను.

మార్చి 21, శుక్రవారం

అద్దాల పెట్టె లోపల తుడిచాను. బయట తుడిచాను. మళ్ళీ లోపల తుడిచాను.

మార్చి 22, శనివారం

జనం బాగానే వచ్చారు. ఎక్కువమంది వెనకున్న గిన్నెనే చూశారు. చూడకేం చేస్తారు, అంత అందం మరి. కొండ ఫ్యాక్టరీ వాడు కూడా మామూలోడు కాదు, ఆ చుక్కల్లో వెలుతురు నిలబెట్టాడు. నాకు దాని మీద కోపం లేదు.

పదకొండింటికి టీచరమ్మ, వాళ్ళ అక్క, బావగారు వచ్చారు. భారీ మనిషి, ఇస్త్రీ చొక్కా, గొంతు గుమ్మంలోనే వినిపించింది. పెట్టె ముందు నిలబడి లేబుల్ చదివాడు. మామగారు గిన్నె చేశాడంటే గిన్నె పెట్టాలి గానీ, ఈ పెంకు పెట్టారేంటని అడిగాడు. అక్కగారు మోచేత్తో పొడిచింది. టీచరమ్మ నా వైపు చూసింది. నాలుకదాకా ఎన్ని వచ్చాయో నాకే తెలుసు. మేడమ్ వెనక నిలబడి ఉంది.

లెక్కపెట్టండి అన్నాను.

ఏంటి లెక్కపెట్టేది అన్నాడు. గీతలు అన్నాను. చూపుడువేలు గాలిలో తిప్పుతూ మొదలుపెట్టాడు. సగంలో తప్పాడు. నక్షత్రానికి మొదలెక్కడో చివరెక్కడో తెలీదు కదా. మళ్ళీ మొదటికొచ్చాడు. ఇరవై రెండు అన్నాడు. తల అడ్డంగా ఊపాను. పక్కనున్న ఇద్దరు ఆగి చూడసాగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈసారి నోటితో లెక్కపెట్టాడు, బడిలో ఎక్కం చెప్పినట్టు.

"ఇరవై నాలుగు. అందరూ చేసేదేగా."

"కాదండీ. మళ్ళీ లెక్కపెట్టండి."

వంగాడు.